పాత గేములూ కొత్త గేములూ ఒకే టీవీకి

పీఎస్5 (ప్లేస్టేషన్ 5 గేమ్ మిషన్) కొన్నారని పాత పీఎస్2ని అటకెక్కించకండి. క్యాసెట్ గేమ్ నుంచి పీఎస్5 దాకా అన్నీ ఒకే టీవీకి పెట్టుకోవచ్చు, వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో అలాగే ఉన్నాయి. కాకపోతే ఏది ఎక్కడ పెట్టాలో ముందే కాగితం మీద గీసుకోండి, టీవీ గోడకి బిగించాక వెనక చెయ్యి పట్టదు.

కొత్తవాటితో పెద్ద పేచీ లేదు. పీఎస్5లో 4కే బొమ్మ 120 హెర్ట్జ్‌లో (సెకనుకి 120 సార్లు మారుతూ) రావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు కావాలి, అవి ఉన్న టీవీల్లోనూ చాలావాటికి ఒకటో రెండో ఉంటాయి, కాబట్టి దాన్ని నేరుగా అక్కడే పెట్టేయండి. పీఎస్3, మామూలు పీఎస్4 రెండూ 1080పీ (ఫుల్ హెచ్‌డీ) దగ్గరే ఆగుతాయి, వాటికి చిన్న హెచ్‌డీఎంఐ స్విచ్ (రెండు మూడు మిషన్లని ఒకే పోర్టుకి కలిపే డబ్బా) చాలు.

అసలు పని పాతవాటితోనే. మామూలు ఏవీ కేబుల్ పసుపు పిన్నులో రంగూ వెలుగూ కలిసి ఒకే తీగలో వస్తాయి, అందుకే అంచులు అలుక్కుపోతాయి. పీఎస్2కి కాంపొనెంట్ కేబుల్ (బొమ్మని మూడు వేరువేరు తీగల్లో పంపేది), టీవీకి దాని సాకెట్లు ఉంటే, తప్పకుండా కొనండి, బొమ్మ ఎంత తేటగా వస్తుందో మీరే చూస్తారు. ముందు పసుపు పిన్నుతోనే ఆన్ చేసి, పీఎస్2 సెట్టింగ్స్‌లో కాంపొనెంట్ వీడియో అవుట్ అన్నది ఆర్‌జీబీ మీద ఉంటే రెండోదానికి మార్చి, ఆ తర్వాతే కేబుల్ మార్చాలి, లేకపోతే రంగులు తేడాగా వస్తాయి.

పీఎస్1, క్యాసెట్ గేములు ఎక్కువగా ఇచ్చేది 240పీ, అంటే 240 గీతల బొమ్మ ప్రతిసారీ మొత్తంగా. చవక ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బాలూ, చాలా కొత్త టీవీలూ దాన్ని 480ఐ (గీతల్ని రెండు విడతలుగా పంపే బొమ్మ) అనుకుని పక్కపక్క ఫ్రేముల్ని కలిపేస్తాయి, దాంతో దెబ్బ తగిలి మిణుకుమనాల్సిన మేరియో గీతలు గీతలుగా కనిపిస్తాడు. ఇది నాకు చాలా బాధనిపించే విషయం, ఎందుకంటే పిల్లలు అది చూసి పాత గేములంటే ఇంతే కాబోలు అనుకుంటారు. రెట్రోటింక్ లాంటి డబ్బా (పాత గేముల కోసమే చేసిన కన్వర్టర్) 240పీని సరిగ్గా గుర్తుపట్టి గీతల్ని రెట్టింపు చేసి పంపుతుంది. ఖరీదే, అయినా నా లెక్కలో డబ్బు పెట్టాల్సింది ఇక్కడే.

క్యాసెట్ గేమ్‌లో బాతుల్ని కాల్చే తుపాకి మాత్రం ఎల్‌ఈడీ టీవీ మీద పనిచేయదు. మా తమ్ముడి కొడుకు "పెదనాన్నా, గన్ పాడైందా?" అని అడిగాడు. పాడవలేదు, డబ్బా టీవీ తెర మీద వెలుగు క్షణాల్లో వచ్చిపోయే తీరుని బట్టి తయారైన తుపాకి అది. దానికోసం పాత టీవీ ఉంచుకోవాల్సిందే.

ఇంకో మాట, మన వైజాగ్ వాళ్ళకి. బీచ్ దగ్గర ఇళ్ళలో ఉప్పుగాలికి పిన్నులు చిలుము పడతాయి. బొమ్మ వణికితే కేబుల్ పారేసే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో పిన్ను తుడిచి, ఆరాక పెట్టి చూడండి. క్యాసెట్లకీ అదే మందు. నోటితో ఊదకండి, ఆ తేమకే లోపలి రాగి పాడవుతుంది.