మా పిల్లల నాయనమ్మ, ఇటోకు బజారు

మా అత్తగారు యోరుబా జాతి స్త్రీ. నైజీరియాలోని అబెయోకుటా పట్టణంలో పుట్టి, దాదాపు ఎనభై ఏళ్ళు అక్కడే బతికి, కిందటి ఏడాది కన్నుమూశారు. నాది చీరాల, మావారిది అబెయోకుటా, పిల్లలిద్దరూ దక్షిణ లండన్‌లోని పెకంలో పెరుగుతున్నారు. యోరుబా క్రైస్తవ కుటుంబాల్లో అంత్యక్రియలకు వచ్చినవారందరికీ పంచడానికి రంగుల ఫొటోలతో ఒక చిన్న పుస్తకం అచ్చువేయిస్తారు. అందులో ఆమె జీవిత విశేషాలు రాసే పని మా బావగారు తీసుకున్నారు. ఆయన రాసిన మొదటి ప్రతి ప్రకారం ఆమె దైవభక్తురాలు, పిల్లల కోసం సర్వస్వం ధారపోసిన తల్లి, ఓర్పుకు మారుపేరు. అందులో అబద్ధం ఏమీ లేదు. అయితే ఆమె ఏ పని చేసేవారో, ఎలా చేసేవారో చెప్పే వాక్యం ఒక్కటి కూడా లేదు. మనవైపు సంతాప సభల్లో త్యాగమూర్తి అనేసి చేతులు దులుపుకోవడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని కనుక, నా పిల్లలు తమ నాయనమ్మను ఆ ఒక్క మాటతో గుర్తుపెట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆమె ఆదిరె వ్యాపారి. ఆదిరె అంటే అబెయోకుటా ఆడవాళ్ళు తరతరాలుగా చేస్తున్న నీలిరంగు అద్దకపు బట్ట. కర్రపెండలం పిండిలో పటిక, మైలతుత్తం వేసి గంజిలా ఉడికించి, కోడి ఈకతో ఆ గంజిని తెల్లబట్ట మీద గీతలుగా, చుక్కలుగా, పక్షులుగా రాస్తారు. ఎండాక బట్టను నీలిమందు కుండలో ముంచితే గంజి ఉన్నచోట రంగు సరిగా పట్టదు, మిగిలినచోట పడుతుంది. కుండలోంచి తీసినప్పుడు బట్ట ఆకుపచ్చగా ఉండి, గాలి తగిలే కొద్దీ కళ్ళముందే నీలంగా మారుతుంది. ఎంత చిక్కటి నీలం కావాలంటే అన్నిసార్లు ముంచి ఆరవేయాలి. మా అబ్బాయి చిన్నప్పుడు మొదటిసారి ఆ పని చూసి, ఆమె మోచేతుల దాకా ఉన్న నీలాన్ని తడి గుడ్డతో తుడవబోయాడు. ఆమె వాడిని వారించలేదు, అలిసిపోయేదాకా తుడవనిచ్చి, తర్వాత వాడి చేతికి ఒక ఈక ఇచ్చారు.

1955 జనవరిలో పశ్చిమ నైజీరియాలో అవొలొవొ ప్రభుత్వం ఉచిత ప్రాథమిక విద్య ప్రవేశపెట్టేనాటికి ఆమె అప్పటికే తల్లి పక్కన కూర్చుని గంజి రాస్తున్నారు. బడికి పంపారు గానీ చదువు నాలుగో తరగతి దాటలేదు. ఆ తర్వాత ఆమె చదివిందంతా అబెయోకుటాలోని ఆదిరె బజారైన ఇటోకులోనే. రంగురంగుల మైనపు అద్దకం వచ్చి గంజి రాత వెనకబడినప్పుడు అదీ నేర్చుకున్నారు. 1986లో ఆర్థిక సంస్కరణల పేరుతో నైరా విలువ పడిపోయి, దిగుమతి అయ్యే రంగుల ధరలు ఆకాశాన్నంటినప్పుడు, కొన్నాళ్ళు సొంత అద్దకం మానేసి ఇతరుల సరుకు అమ్మారు. చివరి ఏళ్ళలో ఆదిరె నమూనాలనే మిల్లులో ముద్రించిన చైనా బట్ట బజారును ముంచెత్తితే, ఆ బట్టను తిట్టుకుంటూనే దాన్నీ రెండు బేళ్ళు తెప్పించి పక్కన పెట్టుకున్నారు. కొనేవాళ్ళు అదే అడుగుతుంటే పంతం పట్టి కూర్చోవడం ఆమె దృష్టిలో వ్యాపారం కాదు.

మా పెళ్ళి సంబంధం మాట్లాడడానికి మా అమ్మ చీరాల నుంచి వచ్చినప్పుడు, ఇద్దరి మధ్యా ఒక్క మాట కూడా కలవని ఆ గదిలో, మా అమ్మ తెచ్చిన గళ్ళ రుమాలు బట్టను అత్తగారు అందుకున్నారు. అంచును వేళ్ళ మధ్య నలిపి, తిరగేసి వెనకవైపు చూసి, ఒక పోగు లాగి నోట తడిపి రంగు దిగుతుందేమో పరీక్షించారు. పెళ్ళివారి కానుకను అలా పరీక్షించడం మా పిన్నికి చిన్నతనంగా తోచింది గానీ, నేతవాళ్ళింటి ఆడపడుచు అయిన మా అమ్మకు మాత్రం ముఖం విప్పారింది. చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన మద్రాసు రుమాళ్ళు ఒకప్పుడు ఓడలెక్కి పశ్చిమాఫ్రికాకు వెళ్ళేవి. నైజర్ డెల్టాలోని కలబారివారు వాటిని ఇప్పటికీ ఘనమైన సందర్భాలకు కడతారు. ఆ బట్టను ఆమె చూడగానే గుర్తుపట్టారు.

నా మతం గురించి ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆమె చర్చికి వెళ్ళేవారు, ఆమె అన్నలు మసీదుకు వెళ్ళేవారు, బక్రీదుకు గొర్రెమాంసం వాటా ఆమె ఇంటికి తప్పకుండా వచ్చేది. యోరుబావారిలో ఇది వింతేమీ కాదు. ఆమె నన్ను అడిగింది వేరు: నీ సంపాదన నీ చేతిలో ఉంటుందా, నీ మొగుడి చేతిలో ఉంటుందా? యోరుబా ఇళ్ళలో భార్య సంచి వేరు, భర్త సంచి వేరు. పెళ్ళయ్యాక భార్య వ్యాపారానికి మొదటి పెట్టుబడి ఇవ్వడం భర్త బాధ్యత, ఆ తర్వాత లాభనష్టాలు ఆమెవే. మామగారు ఇచ్చిన పెట్టుబడిని అజొ ద్వారా పెంచుకున్నానని ఆమె చెప్పేవారు. అజొ మన చీటీ వంటిదే, కాకపోతే పాట ఉండదు, తరుగు ఉండదు: అందరూ సమానంగా కడతారు, వంతు వచ్చినవారు మొత్తం తీసుకుంటారు. నలుగురు పిల్లల చదువుల ఫీజులు ఆ వంతుల మీదనే నడిచాయి. వాటిలో ఒకటి మావారి ఇంజనీరింగు.

ఆమె పిల్లలకు చెప్పిన కథల్లో తాబేలు కథలు ఎన్నో ఉన్నా, మా అమ్మాయి మళ్ళీ మళ్ళీ అడిగింది ఒకటే. బ్రిటిషువారి కాలంలో ఆడవాళ్ళ మీద విడిగా పన్ను వేస్తే, ఫున్మిలాయొ రాన్సమ్ కుటి నాయకత్వంలో అబెయోకుటా బజారు స్త్రీలు వేల సంఖ్యలో ఎగ్బా రాజు ఆలాకే కోట ముందు బైఠాయించి, ఆయన్ని వెక్కిరిస్తూ పాటలు పాడారు. 1948లో ఆయన ఊరు వదిలిపోయి, 1949 జనవరిలో గద్దె దిగాడు. ఆ గుంపులో మా అత్తగారి తల్లి ఉందట, ఆమె వీపున కట్టుకున్న పసిపిల్ల మా అత్తగారు. చీరాల పేరాల ఉద్యమంలో, 1921లో, పన్ను కట్టేది లేదని ఊరు ఊరంతా ఖాళీ చేసి రామనగర్ కట్టుకున్న కథ మా తాత చెప్పగా విన్నదాన్ని కాబట్టి, రెండో కథ నేను అందించాను. పన్ను ఎగ్గొట్టే వంశంలో పుట్టామని మా అమ్మాయి బడిలో చెప్పుకుంది.

పిల్లలను ఏ సంస్కృతిలో పెంచాలన్నది ప్రవాసంలో మేమంతా తెగ చర్చించుకునే విషయం. అత్తగారికి అది సమస్యగా కనిపించలేదు. ఎనిమిదో రోజున తేనె, ఉప్పు, కోలాకాయ నాలుకకు తాకించి పేరు పెట్టారు. ఇరవై ఒకటో రోజున నేను బారసాల చేస్తానంటే, పళ్ళెంలో బియ్యం పోసింది ఆమే. సెలవులకు వెళితే మాత్రం పిల్లలకు ఆటవిడుపు ఉండేది కాదు: అమ్మాయి అలసందలు నానబెట్టి పొట్టు తీయాలి, అబ్బాయి బట్టలు మడతపెట్టాలి, ఇద్దరూ చిల్లర లెక్కపెట్టాలి. పని చేస్తున్నవారిని పలకరించకుండా దాటిపోతే ఆమెకు కోపం. పెద్దలు కనిపిస్తే అమ్మాయి మోకరిల్లాలి, అబ్బాయి నేలమీద బోర్లా పడుకోవాలి. ఆ అలవాటుతో వాడు చీరాలలో మా నాన్న ఎదుట సాష్టాంగపడితే, కాళ్ళకు దండం పెట్టే మనవళ్ళే కరువైన ఆ వీధిలో వాడి పేరు మారుమోగింది. ఆదివారం ఉదయం ఫోను చేసి, తెర మీద వాళ్ళ ముఖాలు కనబడగానే వంశాన్ని కీర్తించే ఒరికి చదివేవారు. అమ్మాయిని అదుకే అని, అబ్బాయిని అకన్ని అని ఆమె ఒక్కరే పిలిచేవారు.

ఆమె పోయిన తర్వాత ఖననానికి కొన్ని వారాలు పట్టింది, ఎందుకంటే దూరదేశాల పిల్లలందరూ చేరాలి, అందరికీ ఒకే రకం బట్ట కుట్టించాలి. పెద్ద వయసులో పోతే అది పండుగ. డోలు వాయిద్యకారులు వచ్చారు, జొలొఫ్ అన్నం వండారు, బంధువులు నృత్యం చేశారు. మైల రోజుల నిశ్శబ్దానికి అలవాటుపడిన మా అమ్మ ఫోనులో ఆ వీడియో చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆ బట్ట ఎవరు ఎంచారు, రంగు బాగుంది, అన్నది.

బావగారి ప్రతిలో మా అమ్మాయి ఒక పేరా చేర్చింది. గంజి, ఈక, అజొ వంతులు, 1986, చైనా బేళ్ళు అన్నీ రాసింది. చావు పుస్తకంలో వ్యాపారం ఏమిటని ఆయన మొదట గొణిగారు. అమ్మతోపాటు ముప్పై ఏళ్ళు కొట్టులో కూర్చున్న మా ఆడబిడ్డ ఆ పేరా చదివి, ఒక్క లోపం ఉంది, ఎవరెవరు బాకీ ఉన్నారో రాయలేదు అన్నది. ఖననం రోజున పదిమంది దాకా స్త్రీలు కవర్లతో వచ్చి, ఫలానా బట్ట తాలూకు మిగతా సొమ్మని చెప్పి ఆమె చేతిలో పెట్టి వెళ్ళారు. అప్పుల పుస్తకంలో వాళ్ళ పేర్లను అక్కడికక్కడే కొట్టేశారు. ఇంకా కొట్టేయని పేర్లు చాలా ఉన్నాయి. వచ్చే వేసవిలో వెళ్ళినప్పుడు మేనత్తతో కలిసి బజారంతా తిరిగి వాటిని వసూలు చేస్తానని మా అమ్మాయి ఒప్పుకుంది, వసూలైనదానిలో పదోవంతు తనది అన్న షరతు మీద. ఐదు శాతం కంటే ఒక్క నైరా ఎక్కువ ఇచ్చేది లేదంటోంది మేనత్త.