అన్నయ్య స్పీకర్లకు ఎలక్ట్రానిక్ సంగీతం ఎంచిన వైనం: నా అనుభవం

విజయవాడలో ఉంటున్న మా పెదనాన్నగారి అబ్బాయి ఈ వేసవిలో నిలువెత్తు స్పీకర్లు, వాటికి తగిన ఆంప్లిఫయర్ కొనుక్కొని, "వీటి సత్తా తెలిసేలా ఎలక్ట్రానిక్ సంగీతం ఓ పది ఆల్బమ్‌లు రాసి పంపరా" అని నన్ను అడిగాడు. గంటలో తేలిపోయే పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది; పదికి బదులు నాలుగే మిగిలాయి.

మొదట పంపిన జాబితా అంతా పొరపాటే. క్లబ్బుల్లో హోరెత్తించే ట్రాక్‌లు ఏరి పంపితే, మర్నాడే ఫోన్ చేసి, "మొదటి నిమిషం అదిరిపోతోంది, పది నిమిషాలకు తలనొప్పి వస్తోంది" అన్నాడు. అవే ఫైళ్లను కంప్యూటర్‌లో తెరిచి చూస్తే, వాటి తరంగ రూపం మొదటి నుంచి చివరి దాకా సమంగా కత్తిరించిన గోరింట కంచెలా ఉంది. లిమిటర్‌తో (ధ్వని ఒక హద్దు దాటకుండా ఆపే సాధనం) శిఖరాలను అణచి, తక్కినదంతా పైకి లేపిన మాస్టరింగ్ (రికార్డింగ్‌కు చివర్లో చేసే ధ్వని సర్దుబాటు) అది. స్పీకర్ల సత్తా తేల్చే డైనమిక్స్ అంటే హోరు కాదని, మెల్లని ధ్వనికీ పెద్ద ధ్వనికీ మధ్య ఉండే ఎడమని తెలిసి కూడా, సీడీలోని 16 బిట్లలో సుమారు 96 డెసిబెల్స్ ఎడం ఇముడుతుందని నలుగురికీ చెప్పే నేనే, హోరుకు మోసపోయాను.

ఆ తర్వాత ఏ రెండింటిని పోల్చినా ముందు వాటి సగటు ధ్వని స్థాయిని సమం చేయడం మొదలుపెట్టాను, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేదే మేలైనదని చెవి ఇట్టే నమ్మేస్తుంది. అలా సమం చేసి వింటే, పేరున్న ఒక రీమాస్టర్ (పాత ఆల్బమ్‌కే మళ్లీ మాస్టరింగ్ చేసి తెచ్చిన కూర్పు) తన పాత సీడీ ముందు తేలిపోయింది.

చివరి పరీక్షకు నేనే విజయవాడ వెళ్లాను. మాసివ్ అటాక్ వారి 'మెజ్జనైన్' (1998)లోని 'ఏంజెల్' పెట్టాం. అడుగున బేస్ (లోతైన కింది స్వరాలు) మెల్లగా కదులుతూ, దానిపై హొరేస్ ఆండీ గొంతు తేలుతూ, ఆ తర్వాత గిటార్లు విరుచుకుపడే పాట అది. కానీ ఆ గదిలో బేస్ అంతా ఒకే స్వరంగా గుమ్మంటోంది. గది పొడవు 11 అడుగుల పైచిలుకు. 50 హెర్ట్జ్ ధ్వని తరంగంలో సరిగ్గా సగమంత, కాబట్టి గోడల మధ్య ఆ స్వరమే మిగతావాటిని మించి మోగుతుంది. అన్నయ్య కుర్చీ వెనక గోడకు ఆనుకొని ఉంది, ఆ స్వరం మిక్కిలిగా పోగుపడేదీ అక్కడే. కుర్చీని 4 అడుగులు ముందుకు జరిపేసరికి స్వరాలు విడివిడిగా వినబడ్డాయి. అయినా పాట మొదట్లోని మెత్తదనం మాత్రం అందలేదు. కారణం నెత్తిమీద తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను. దాన్ని ఆపితే, "ఈ ఎండల్లో ఫ్యాను కట్టేసి వినే సంగీతమేమిటయ్యా?" అని వదిన వంటింట్లోంచి అడిగింది. సబబైన ప్రశ్నే.

తక్కిన మూడింటిలో జాన్ మిషెల్ జార్ 'ఆక్సిజీన్' (1976) పారిస్‌లోని ఇంట్లోనే 8 ట్రాక్‌ల యంత్రంపై రికార్డు చేసినది. పెద్ద దెబ్బలేమీ ఉండవు, సింథసైజర్ అలలు ఎంత నెమ్మదిగా లేచి ఎంత నెమ్మదిగా అణగుతాయో వినాలి. స్విట్జర్లాండ్‌కు చెందిన యెల్లో జంట 'ఫ్లాగ్' (1988)లోని 'ది రేస్'లో పందెం కార్లు గదిని అడ్డంగా కోసుకుపోతాయి. అన్నయ్యకు ఇదే ఎక్కువ నచ్చింది, నాకు తక్కువ.

నాలుగోది డాఫ్ట్ పంక్ 'రాండమ్ యాక్సెస్ మెమరీస్' (2013). వాద్యకారులు స్టూడియోలో నిజంగా వాయించిన భాగం ఇందులో ఎక్కువ కాబట్టి పూర్తిగా ఎలక్ట్రానిక్ అనలేం. అయినా అపోలో 17 వ్యోమగామి యూజీన్ సెర్నన్ గొంతుతో మొదలై చివరికి హోరుగా పైకెగసిపోయే 'కాంటాక్ట్' కోసం నియమం సడలించాను. దాన్ని రాత్రి 10 దాటాక పెట్టవద్దని మాత్రం చెప్పాను. సగటున 1 వాట్‌తో మోగుతున్న సంగీతంలో 20 డెసిబెల్స్ శిఖరం వస్తే ఆంప్లిఫయర్ ఆ క్షణానికి 100 వాట్లు ఇవ్వాలి. అన్నయ్యది ఇవ్వగలదు, గోడ అవతలి వాళ్లు ఊరుకోరు.

ఇప్పుడు అన్నయ్య ఆ గదికి ఏసీ పెట్టించే ఆలోచనలో ఉన్నాడు. అదీ చప్పుడు చేస్తుందని నేనింకా చెప్పలేదు.