పుట్టినరోజు కప్‌కేక్‌లు: కేక్ సులువే, ఏడిపించేది బటర్‌క్రీమ్

పిల్లల పుట్టినరోజుకు ఇంట్లోనే కప్‌కేక్‌లు చేసి, పైన రంగు రంగుల సుడులు వేసి, ఒక్కటీ జారకుండా బల్ల మీదికి చేర్చాను. చేతులు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. అయినా ఏది ఎందుకు చెడుతుందో మనసులో తాజాగా ఉండగానే రాసేస్తున్నాను.

కేక్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. డజనుకు 150 గ్రాముల మైదా, చిన్న చెంచాతో ఒకటిన్నర బేకింగ్ పౌడర్, పావు చెంచా ఉప్పు, 115 గ్రాముల బటర్, 150 గ్రాముల పంచదార, 2 గుడ్లు, 120 మిల్లీలీటర్ల పాలు, చెంచా వెనిలా. మైదా వేశాక పొడి కనబడకుండా పోగానే కలపడం ఆపేయాలి. ఇంకా కలిపితే మైదాలో సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ బిగుసుకుని కేక్ గట్టిపడుతుంది, లోపల సొరంగాల్లా కన్నాలు పడతాయి. కాగితపు కప్పులో మూడింట రెండు వంతులే పోసి, ఒవెన్‌లో 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర 18 నుంచి 20 నిమిషాలు ఉంచితే చాలు. బయటికి తీసిన ఐదు నిమిషాల్లో అచ్చులోంచి జాలీ మీదికి మార్చండి. అచ్చులోనే వదిలేస్తే ఆవిరికి అడుగు తడిసి కాగితం ఊడొస్తుంది.

అసలు పరీక్ష కేక్ పైన సుడులుగా వేసే బటర్‌క్రీమ్ దగ్గర మొదలవుతుంది. ఉప్పు లేని బటర్ 250 గ్రాములు, జల్లించిన ఐసింగ్ షుగర్ (అంగట్లో దొరికే మెత్తటి పంచదార పొడి) 500 గ్రాములు, పాలు రెండు పెద్ద చెంచాలు, వెనిలా, చిటికెడు ఉప్పు. డజను కప్‌కేక్‌లకు ఎత్తుగా వేయడానికి ఇది సరిపోతుంది. కొలతల్లో ఏ కిటుకూ లేదు. ఉన్నదంతా ఉష్ణోగ్రతలోనే.

వంటకాలు రాసేవాళ్ల మీద నాకున్న పెద్ద కోపం ఇక్కడే. 'గది ఉష్ణోగ్రతకు వచ్చిన బటర్' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. ఎవరి గది? ఏ కాలంలో? బటర్‌కు కావాల్సింది 18 నుంచి 20 డిగ్రీలు. మీ గది 30 డిగ్రీలుంటే అందులో గంట పెట్టిన బటర్ ఎందుకూ పనికిరాదు. వేలితో నొక్కితే గుంట పడాలి, ఆ గుంట అంచులు నిలవాలి, వేలికి మాత్రం నూనె మెరుపు అంటకూడదు. మెరిసిందంటే కొవ్వు స్ఫటికాలు కరగడం మొదలైనట్టే. గిలక్కొట్టినప్పుడు గాలిని పట్టి ఉంచేవీ, సుడికి నిలకడ ఇచ్చేవీ ఆ స్ఫటికాలే. పూర్తిగా కరిగిన బటర్‌ను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినా పాత పొందిక రాదు. పైగా మిక్సర్ తిరిగే రాపిడికే గిన్నె వేడెక్కుతుంది. అందుకే ఎండాకాలంలో నేను గిన్నెనీ, బీటర్‌నీ ముందే చల్లబరిచి, బటర్ ఇంకాస్త చల్లగా ఉండగానే మొదలుపెడతాను.

క్రీమ్ జారుగా అయితే అందరూ చేసే పని ఇంకాస్త ఐసింగ్ షుగర్ పోయడం. దయచేసి అది చేయకండి. తీపి నాలుకను కొరికేస్తుంది, జారడం మాత్రం ఆగదు, ఎందుకంటే సమస్య వేడిది. గిన్నెను పది పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, ముందుగా గట్టిపడే అంచుల్ని మధ్యకు గీకి, మళ్లీ గిలక్కొట్టండి. దీనికి సరిగ్గా ఎదురు జబ్బు ఇంకోటుంది: క్రీమ్ విరిగిన పాలలా పలుకులు పలుకులుగా విడిపోయి, పక్కన నీటిచుక్కలు తేలతాయి. చాలామంది అది పాడైందని పారబోస్తారు. పాడవలేదు, బటర్ మరీ చల్లగా ఉందంతే. రెండు పెద్ద చెంచాల క్రీమ్ తీసి కాస్త కరిగించి, మిక్సర్ తిరుగుతుండగా సన్నటి ధారగా పోయండి. చూస్తుండగానే కలిసిపోతుంది. ఏ జబ్బో తేలకపోతే గిన్నె అడుగు చేత్తో పట్టుకోండి. గోరువెచ్చగా ఉండి క్రీమ్ మెరుస్తుంటే చల్లబరచాలి, జిల్లుమని పలుకులుగా ఉంటే వెచ్చబరచాలి.

ఇంట్లో మిక్సీ పట్టిన పంచదారతో పని కాదు. ఎంత మెత్తగా పట్టినా పంటి కింద గరగర మిగులుతుంది. చివరి రెండు నిమిషాలు మిక్సర్‌ను అతి నెమ్మదిగా తిప్పితే లోపలి గాలి బుడగలు పోతాయి. లేకపోతే సుడి మధ్యలో టప్పున తెగుతుంది. చల్లటి గది దొరకనివాళ్లు సగం బటర్ బదులు షార్టెనింగ్ (వనస్పతి లాంటి గట్టి కొవ్వు) వాడొచ్చు. అది మరింత వేడి దాకా కరగదు. కాకపోతే రుచి తగ్గుతుంది, అంగిట్లో జిడ్డు పొర మిగులుతుంది. చల్లటి చోటుంటే మాత్రం నేను అచ్చంగా బటరే వాడతాను.

రంగుకు జెల్ కలరే వాడండి, నీళ్ల రంగు క్రీమ్‌ను పలచన చేస్తుంది. టూత్‌పిక్ కొనతో అద్ది కలపండి. కొన్ని గంటలు గడిస్తే రంగు దానంతటదే ముదురుతుంది కాబట్టి ముందురోజు రాత్రే కలిపి పెట్టుకోవడం మేలు. ఎరుపు కావాలంటే గులాబీ రంగుతో మొదలుపెట్టి ముదరనివ్వాలి. ఒకేసారి బోలెడు ఎరుపు పోస్తే చేదెక్కుతుంది. బటర్‌లో ఉన్న పసుపుదనం వల్ల నీలం ఆకుపచ్చకు తిరుగుతుంది, దానికి ఊదారంగు ఒక్క చుక్క విరుగుడు.

క్రీమ్ పిండే సంచి, అంటే పైపింగ్ బ్యాగ్, సగమే నింపండి. అరచేతి వేడికే క్రీమ్ మెత్తబడుతుంది, అందుకే రెండు బ్యాగులు మార్చి మార్చి వాడతాను. కేక్ పూర్తిగా చల్లారాకే బ్యాగ్ కొసన ఉండే నాజిల్‌ను నిటారుగా, సెంటీమీటరు ఎత్తులో పట్టి, అంచు నుంచి లోపలికి తిప్పాలి. నొక్కడం ఆపాకే పైకి లేపాలి. లేదంటే తోక మిగులుతుంది. స్ప్రింకిల్స్ (రంగు రంగుల పంచదార పలుకులు) వెంటనే చల్లాలి, క్రీమ్ పైపొర ఆరిందంటే అవి అంటుకోవు.

మెరుపు పొడి విషయంలో నేను అస్సలు రాజీపడను. డబ్బా మీద 'విషపూరితం కాదు' అని ఉంటే అది తినేదని అర్థం కాదు. 'తినదగినది' అనే మాటా, అందులో ఏమేం కలిపారో జాబితా ఉంటేనే కేక్ మీద వేయాలి. అలంకరణ కోసం పిల్లల నోట్లో ప్లాస్టిక్ పోసే హక్కు ఎవరికీ లేదు. చిన్న పిల్లలుంటే గుండ్రటి గట్టి మిఠాయిలు, ముక్కలు చేయని బాదం, జీడిపప్పు లాంటి గింజలు, టూత్‌పిక్‌తో గుచ్చిన బొమ్మలు వద్దు. గుడ్డు, పాలు, గోధుమ, గింజలు ఏ పిల్లలకు పడవో వాళ్ల అమ్మానాన్నల్ని ముందే అడగండి.

ఫ్రిజ్‌లో పెట్టేటట్టయితే మూత ఉన్న డబ్బాలో పెట్టి, తినడానికి గంట ముందు బయట ఉంచి, చల్లదనం పోయేదాకా మూత తీయకండి. అప్పుడు చెమ్మ డబ్బాకే పడుతుంది, కేక్‌కు పట్టదు. ఫాండెంట్ (పంచదార ముద్ద) బొమ్మలు మాత్రం వడ్డించే ముందే గుచ్చాలి.