మీయిదెరాలో ఒక్క దెబ్బకు 800 యెన్లు

క్యోటోలో ఫుషిమి ఇనారి, కియోమిజు గుళ్ళు రెండూ జనం మధ్య తోసుకుంటూ చూసేసరికి ప్రాణం విసిగింది. మర్నాడు మావారిని బతిమాలి పక్కనున్న ఒత్సు ఊళ్ళోని మీయిదెరా అనే బౌద్ధ గుడికి తీసుకెళ్ళాను. సబ్‌వే రైలు నేరుగా బివాకో-హమాఒత్సు స్టేషన్ దాకా వెళ్తుంది. అక్కడ రైలు మారితే తర్వాతి స్టేషనే మీయిదెరా. బివా సరస్సు నీళ్ళను క్యోటోకి తీసుకెళ్ళే కాలువ వెంట కాస్త నడిస్తే గుడి వస్తుంది.

లోపలికి టికెట్ కొన్నాం. గంట మండపం దగ్గరికొచ్చాక తెలిసింది, గంట కొట్టాలంటే మళ్ళీ డబ్బు కట్టాలట, ఒక్క దెబ్బకు 800 యెన్లు! ఒళ్ళు మండింది. మా ఊరి రామాలయంలో చెయ్యందని పిల్లల్ని నాన్నలు ఎత్తుకుని మరీ గంట కొట్టిస్తారు, పైసా ఎవరూ అడగరు. ఇక్కడ పెద్ద గంటను 'కనె' అంటారు. డబ్బునీ, లోహాన్నీ కూడా కనె అనే అంటారు, రాత మాత్రం వేరు. ఆ కోపంలో నాకు డబ్బు అర్థమే సరిగ్గా సరిపోయిందనిపించింది. జపాన్ వాళ్ళ సొంత మతమైన షింటో గుళ్ళలో తాడు పట్టి ఊపే గుండ్రటి మువ్వ 'సుజు'. ఇళ్ళలో పోయినవాళ్ళ ముందు మోగించే కంచు గిన్నె 'రిన్'. ఎండాకాలంలో కిటికీకి వేలాడదీసే, గాలికి మోగే చిన్న గంట 'ఫూరిన్'. అవన్నీ ఊరికే వింటూ వచ్చాం, దీనికి మాత్రం డబ్బు కట్టాలి.

డబ్బు తీసుకున్న పెద్దాయనకు ఇంగ్లీషు రాదు. ముందు దణ్ణం పెట్టుకోమని చేతులు జోడించి చూపించారు. ఈ గంటకు లోపల నాలుక ఉండదు, తాళ్ళతో అడ్డంగా వేలాడదీసిన దుంగతో బయటనుంచి కొట్టాలి. రెండుసార్లు మెల్లగా ఊపి, మూడోసారి వెనక్కి లాగి వదలమన్నారు. దుంగ కొస కొట్టీ కొట్టీ చీలికలు తేలి, కుచ్చులా విచ్చుకుని ఉంది. తాడు చేతిలో ఉంచుకునే దుంగను వదిలాను.

మొదట దెబ్బ శబ్దం వినపడింది. దాని వెనకే లోతునుంచి ఒక మోత, పెరుగుతూ తగ్గుతూ అలలుగా వచ్చింది. నా చేతిలోని తాడు సన్నగా వణుకుతోంది. ఆగిపోయిందనుకున్నాక కూడా ఇంకా మోగుతూనే ఉంది. పెద్దాయన కళ్ళు మూసుకుని, పూర్తిగా ఆగేదాకా కదల్లేదు. రోజూ వినే మనిషి! నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రూపానికి బ్యోదోఇన్ గుడి గంట, దాని మీది శాసనానికి జింగోజి గుడి గంట, నాదానికి ఈ గంట అని జపాన్‌లో పేరు. దీన్ని 1602లో పోతపోశారు.

దీనికి ముందున్న గంట పక్కనే ఒక చిన్న మందిరంలో ఉంది. బెన్‌కెయ్ అనే బలశాలి సన్యాసి దాన్ని ఎత్తుకెళ్ళి హియెయ్ కొండ మీదికి ఈడ్చాడట. అక్కడ కొడితే 'ఇనో, ఇనో' అని, అంటే ఇంటికి పోతానని మోగిందట. కోపమొచ్చి లోయలోకి విసిరేశాడట. కథే కావచ్చు, కానీ గంట ఒళ్ళంతా గీతలున్నాయి, పైనున్న బొడిపెలు కొన్ని ఊడిపోయాయి. నేను చాలాసేపు దాని దగ్గరే నిలబడ్డాను. రెండో ప్రపంచ యుద్ధంలో లోహం కోసం గుడి గంటల్ని వేలల్లో కరిగించేశారు. ఈ రెండూ మిగిలాయి.

క్యోటో వెళ్ళేవాళ్ళు ఒక పూట ఇక్కడికి రండి, గంట తప్పకుండా కొట్టండి. 800 ఎక్కువేనని ఇప్పటికీ అంటాను, అయినా మావారి చేత కూడా ఒకసారి కొట్టించాను.