పాత డీజిల్ జీపులో ఎర్త్ లోపం, ఛార్జింగ్ లోపం: నేను వెతికి పట్టుకున్న తీరు

మా డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ జీపు 1990ల నాటిది. విశాఖపట్నంలో సముద్రపు గాలికి చాలా ఏళ్లు నాని, తర్వాత నర్సీపట్నం దగ్గరున్న మా తోటకు వచ్చింది. చలికాలంలో తెల్లవారకముందే లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి చేరడం దాని పని. ఆ చలిలోనే సెల్ఫ్, అంటే ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటార్, నెమ్మదించడం మొదలైంది. ఇంజన్‌ లోపలి గాలిని వేడిచేసే హీటర్ ప్లగ్గులు బాగా వేడెక్కాక తాళం తిప్పినా ఇంజన్ బరువుగా మూలిగి ఆగిపోయేది. నలుగురూ కలిసి తోస్తే మాత్రం వెంటనే అందుకునేది. దీనికి తోడు రాత్రి హెడ్‌లైట్లు వేసినప్పుడు ఛార్జింగ్ దీపం మసకగా ఎర్రబడేది. పగటి పూట దాని జాడే ఉండేది కాదు.

మా జీపులో డీజిల్ పంపు పూర్తిగా యాంత్రికమైనది, ఇంజన్‌ను ఆపడానికి కూడా చేత్తో లాగే కేబులే ఉంది. అందువల్ల ఒకసారి స్టార్ట్ అయ్యాక ఇంజన్‌కు కరెంటుతో పనిలేదు. పెట్రోలు బండిలో ఇగ్నిషన్ బలహీనపడి తెలిసిపోయే లోపం ఇందులో చాలాకాలం బయటపడకుండా ఉండిపోతుంది.

బండి చూసిన ఆటో ఎలక్ట్రీషియన్ “డైనమో పోయిందండీ, కొత్తది వేసేద్దాం” అన్నాడు. డైనమో అని అతనన్నది ఆల్టర్నేటర్‌నే, అంటే ఇంజన్ తిప్పుతుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రాన్ని. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి పరీక్షించబోతే వద్దని ఆపాను. ఆల్టర్నేటర్ ఉన్న ఏ బండికీ ఆ పరీక్ష చేయకూడదు. బ్యాటరీ ఒక్కసారిగా తెగిపోతే వోల్టేజీ క్షణంలో ఎగసి ఆల్టర్నేటర్‌లోని డయోడ్లనూ, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్‌నూ కాల్చేయగలదు. బాగున్న ఆల్టర్నేటర్ ఆ పరీక్షతోనే పాడవచ్చు.

ఇంటికి తెచ్చి మల్టీమీటర్‌తో నేనే మొదలుపెట్టాను. రాత్రంతా నిలిపి ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపింది, అంటే దానిలో ఛార్జ్ ఉంది. ఇంజన్ నడిపి, లైట్లు వేసి, ఆల్టర్నేటర్ స్టడ్‌కూ (కరెంటు బయటికి వచ్చే బోల్టుకూ) దాని బాడీకీ మధ్య కొలిస్తే 14.2 వచ్చింది. అదే సమయంలో బ్యాటరీ పోస్టుల మీద 13.6 మాత్రమే ఉంది. ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోందనీ, 0.6 వోల్టు దారిలోనే పోతోందనీ అక్కడే తేలిపోయింది. అందులో 0.4 నెగటివ్ వైపు, 0.2 పాజిటివ్ వైపు.

ఇక్కడ చాలామంది మీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి, సున్నా రాగానే ఎర్త్, అంటే ఇంజన్, చాసిస్‌ల ఇనుము మీదుగా కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే దారి, బాగుందని వదిలేస్తారు. ఆ కొలతను నేను నమ్మను. పది పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా ఓమ్ మీటర్ సున్నా దగ్గరే చూపుతుంది. కానీ సెల్ఫ్ మోటార్ 200 ఆంపియర్లకు పైగా లాగుతున్నప్పుడు ఆ దారిలో ఓమ్‌లో వందో వంతు నిరోధం ఉన్నా 2 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. చిన్న మీటర్‌కు అంత సూక్ష్మమైన నిరోధం అందదు. కరెంటు పారుతుండగా వోల్టేజీ నష్టాన్ని కొలవడమే సరైన మార్గం.

స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని, ఇంజన్ అందుకోకుండా సెల్ఫ్ కొట్టమని మా తమ్ముడికి చెప్పాను. మీటర్ ఒక మొనను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోదాన్ని ఇంజన్ బ్లాక్ మీద ఆనిస్తే 2.4 వోల్టులు వచ్చింది, మామూలుగా 0.2కు మించకూడదు. రెండో మొనను ఒక్కొక్క అతుకు దగ్గరికి జరుపుతూ వచ్చాను. పోస్టుకూ క్లాంపుకూ మధ్య 0.1, క్లాంపు నుంచి చాసిస్‌కు 0.5, చాసిస్ నుంచి ఇంజన్‌కు ఏకంగా 1.8. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ చాసిస్‌కూ సరైన సంబంధం అల్లిక ఎర్త్ పట్టీ ఒక్కటే. అది చాలనప్పుడు కరెంటు దొరికిన ఇనుప దారినల్లా వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టిన వెంటనే యాక్సిలరేటర్ కేబుల్‌ను తాకితే గోరువెచ్చగా ఉంది, దాని పైతొడుగు ఒకచోట మెత్తబడి ముడుచుకుపోయింది.

నెగటివ్ టెర్మినల్ విప్పి పక్కకు పెట్టి, పట్టీని తీశాను. పైకి నిక్షేపంగా ఉన్న అల్లిక లగ్గులోకి (బోల్టుకు బిగించే కొస ముక్కలోకి) వెళ్లేచోట పచ్చని చిలుము పట్టి, వేలితో వంచితే పోగులు పొడిగా రాలాయి. చాసిస్ వైపు బోల్టు కింద ఎప్పుడో వేసిన పెయింటు మందంగా ఉంది. లోహం మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌కు లగ్గులు ప్రెస్ చేయించి బిగించాను. బ్యాటరీ నెగటివ్ నుంచి సెల్ఫ్ మోటార్ బిగించిన బోల్టుకు నేరుగా మరో కేబుల్ కూడా వేశాను. బిగించిన తర్వాతే పైన పెట్రోలియం జెల్లీ పూశాను. సెల్ఫ్ కొట్టినప్పుడు నష్టం 0.2కు దిగింది, ఇంజన్ చురుగ్గా తిరిగింది.

అయినా రాత్రి ఛార్జింగ్ దీపం మసక పోలేదు. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఇదే. ఆ దీపానికి ఒక కొస ఇగ్నిషన్ స్విచ్‌కు, రెండోది ఆల్టర్నేటర్‌కు ఉంటుంది. రెండు వైపులా వోల్టేజీ సమానమైతేనే అది ఆరుతుంది. హెడ్‌లైట్లు వేసి ఆల్టర్నేటర్ స్టడ్‌కూ స్విచ్‌కూ మధ్య కొలిస్తే దాదాపు 2 వోల్టుల తేడా ఉంది. 55 వాట్ల బల్బులు రెండూ లాగే 9 ఆంపియర్లు ఫ్యూజ్ బాక్సు వెనుక, ఇగ్నిషన్ స్విచ్‌కు కరెంటు తెచ్చే ఒకే కనెక్టర్ గుండా పోతున్నాయి. అది వేడికి నల్లబడి, ప్లాస్టిక్ కరిగి ఉంది. కొత్త కనెక్టర్ వేసి, హెడ్‌లైట్లకు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టి, ఫ్యూజ్ మీదుగా బ్యాటరీ నుంచే కరెంటు ఇచ్చాను. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే పాజిటివ్ కేబుల్ లగ్గును కూడా శుభ్రం చేశాను. దీపం పూర్తిగా ఆరిపోయింది, లైట్లు వేసి ఉండగానే బ్యాటరీ మీద 14.1 నిలిచింది. ఆల్టర్నేటర్ ఇప్పటికీ పాతదే.