మంగళ, గురు, శని

నాన్నకి కిడ్నీలు పాడై, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం 9 దాటిన దగ్గర్నుంచి మా ఇంట్లో వారానికి మూడే రోజులు: మంగళ, గురు, శని. పొద్దున్నే తెనాలి నుంచి గుంటూరు వెళ్లడం, నాలుగు గంటలు డయాలసిస్, మళ్లీ ఇంటికి. 2022 ఆగస్టులో మొదలైంది. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి డబ్బు గండం గట్టెక్కాం. మిగతాది మనుషుల వల్ల గట్టెక్కాం.

మొదట్లో నాకేమీ తెలియదు. డిశ్చార్జి కాగితం మీద నీళ్లు తగ్గించాలని రాసి పంపేశారు. ఎంత తగ్గించాలని అడిగితే, "తక్కువ తాగించండి" అన్నారు. నాన్న అర్ధరాత్రి లేచి చెంబెడు తాగేసేవాడు. ఆపితే అరిచేవాడు. తెల్లారేసరికి కాళ్లు వాచిపోయేవి.

పక్క బెడ్డు పెద్దాయన భార్య నా అవస్థ చూసి, "ఇట్రా అబ్బాయ్" అని పిలిచింది. వాళ్లకది నాలుగో ఏడు. ముందు రోజు ఎంత మూత్రం వచ్చిందో కొలిచి, దాని మీద అర లీటరు, రోజుకి అంతేనని చెప్పింది. కాఫీ, మజ్జిగ, చారు, మాత్రలోకి నీళ్లు, అన్నీ ఆ లెక్కలోవే. "పొద్దున్నే ఆ కొలత నీళ్లు సీసాలో పోసి ఆయన ముందు పెట్టు. కాఫీ ఇస్తే అన్ని నీళ్లు సీసాలోంచి ఒంపెయ్. నువ్వు వద్దంటే నీ మీద కోపమొస్తుంది. సీసా వద్దంటే ఎవరి మీద కోప్పడతాడు?"

ఆ రాత్రి నుంచి అరుపులు ఆగాయి. కూరముక్కలు సన్నగా తరిగి వేణ్ణీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండాలని కూడా ఆమే నేర్పింది. పొటాషియం తగ్గడానికట. రుచి కూడా బాగానే తగ్గేది, అది వేరే సంగతి.

చూడ్డానికొచ్చే బంధువులు మాత్రం కొబ్బరిబోండాలు, బత్తాయిలు మోసుకొచ్చేవారు. ప్రేమతోనే. కిడ్నీలు పనిచేయని మనిషికి పొటాషియం పెరిగితే గుండెకే ముప్పని చెబితే నొచ్చుకునేవారు. చివరికి బోండాలన్నీ నేనే తాగాను.

ఏమీ తేనివాడు బాబాయ్ ఒక్కడే. పొలం గట్టు తగాదాతో నాన్నకీ ఆయనకీ ఆరేళ్లుగా మాటల్లేవు. సెప్టెంబరులో ఒక గురువారం తెల్లవారుజామున గేటు చప్పుడైంది. చూస్తే బాబాయ్. "ఇవాళ నేను తీసుకెళ్తా. నువ్వు పడుకో" అన్నాడు. ఆ తర్వాత ప్రతి గురువారమూ వచ్చాడు. నేను పిలిచిందీ లేదు, ఆయన వస్తానని చెప్పిందీ లేదు. వారంలో ఆ ఒక్కరోజు పూర్తిగా నిద్రపోయేవాణ్ణి. నాలుగు గంటలు ఏం మాట్లాడుకుంటారని నాన్నని అడిగితే, "మాటలేముంటాయి? పిక్కలు పట్టేస్తే వాడు నొక్కుతాడు" అన్నాడు.

డయాలసిస్ కోసం మెడలో పెట్టిన గొట్టంతో రెండు నెలలు నెట్టుకొచ్చాక ఫిస్టులా సిద్ధమైంది. ఎడమ మణికట్టు దగ్గర ధమనినీ సిరనీ కలిపి కుట్టే చిన్న ఆపరేషన్ అది. ఇక ఆ చేతికి బీపీ చూడకూడదు, డయాలసిస్‌కి తప్ప సూది వేయించకూడదు, బరువు ఎత్తనివ్వకూడదు. టెక్నీషియన్ నా వేళ్లు తీసుకుని అక్కడ ఆనించాడు. చర్మం కింద పిల్లి గుర్రుమన్నట్టు సన్నటి అదురు. "రోజూ చూడండి. ఇది ఆగిందంటే ఆ పూటే పరిగెత్తుకు రావాలి" అన్నాడు.

నాన్న చెయ్యి నేను చివరిసారి పట్టుకుంది చిన్నప్పుడు కోటప్పకొండ తిరనాళ్లలో. తప్పిపోతానని ఆయనే గట్టిగా పట్టుకున్నాడు. పెద్దయ్యాక మా మధ్య అలాంటివేం లేవు. ఇప్పుడేమో రోజూ పొద్దున్నే పక్కన కూర్చుని, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, అదురు అందేదాకా ఊపిరి బిగబట్టడం. అర నిమిషం చాలు. నేను రెండు నిమిషాలు ఉంచేవాణ్ణి. ఆయనా లాక్కునేవాడు కాదు.

ఒక ఆదివారం లేవలేకపోయాను. ఎనిమిదయ్యుంటుంది. కళ్లు తెరిస్తే నాన్న మంచం పక్కన, ఎడమ చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు.

"ఇవాళ చూడవా?"