గల్ఫ్ బడుల్లో టీచరు కొలువు: వరంగల్‌లో ఉండగానే తేల్చుకోవాల్సిన సంగతులు

ఉత్తర తెలంగాణలో గల్ఫ్ ప్రయాణం ఎట్లుంటుందో ఊరూరికీ తెలుసు. ఏజెంటు, అజాద్ వీసా (ఫలానా యజమాని దగ్గర పని లేకుండా పోయే వీసా), కఫీలు (వీసా ఇప్పించే అక్కడి యజమాని) అన్న మాటలు జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూర్ వైపు పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా కొత్త కావు. బీఈడీ చేసి హన్మకొండ, కరీంనగర్ ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పే టీచర్లు కూడా అదే దారి అనుకొని ఏజెంటు ఆఫీసు మెట్లెక్కుతున్నారు. టీచరు కొలువుకు ఆ దారి అక్కర్లేదు. మంచి బడి నేరుగా ఇంటర్వ్యూ చేస్తుంది, వీసా ఖర్చు తనే పెట్టుకుంటుంది. మన వంతు కష్టమంతా కాగితాల దగ్గరుంటుంది. దాన్ని ఇంటర్వ్యూకు కనీసం ఆరు నెలల ముందే మొదలుపెట్టాలి.

ముందుగా ఏ రకం బడికి వెళ్తున్నామో తేల్చుకోవాలి. దుబాయ్, మస్కట్, దోహాల్లో ‘ఇంటర్నేషనల్’ అన్న బోర్డు సీబీఎస్ఈ బడికీ ఉంటుంది, బ్రిటిష్ బడికీ ఉంటుంది. సీబీఎస్ఈ బడులకు మన లెక్కనే ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలవుతాయి, జులై, ఆగస్టు ఎండాకాలం సెలవులు. కాబట్టి వాటి ఇంటర్వ్యూలు ఎక్కువగా డిసెంబర్ నుంచి మార్చి లోపు జరుగుతాయి. బ్రిటిష్, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్), అమెరికన్ బడులకు ఆగస్టు చివరో సెప్టెంబరో మొదలు. వాళ్లు ముందటి ఏడాది నవంబర్ నుంచే వెతకడం మొదలుపెడతారు. మే నెలలో ఇక్కడ బడి అయిపోయాక తీరిగ్గా దరఖాస్తు పెట్టేవాళ్లకు రెండు సీజన్లూ దాదాపు దాటిపోతాయి. అప్పుడు మిగిలేవి మధ్యలో ఎవరో మానేసిన ఖాళీలు.

జీతాల్లో తేడా పెద్దది. దుబాయ్ ఉన్న యూఏఈ దేశంలో సీబీఎస్ఈ బడుల్లో చాలాచోట్ల నెలకు మూడు నాలుగు వేల దిర్హాముల దగ్గర మొదలవుతుంది. పేరున్న బ్రిటిష్ బడుల్లో దానికి రెండు మూడింతలు ఉండొచ్చు, ఇల్లు, విమానం టికెట్లు అదనం. అయితే బ్రిటిష్ బడి అడిగేది క్యూటీఎస్, అంటే ఇంగ్లండ్ ప్రభుత్వం ఇచ్చే టీచరు అర్హత. దాని కోసం లండన్ పోయి చదవాలని చాలామంది అనుకుంటారు. 2023 ఫిబ్రవరి నుంచి భారతదేశంలో శిక్షణ పొందిన లెక్కలు, సైన్స్ టీచర్లు ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఫీజు లేదు. డిగ్రీ, బీఈడీ, ఒక విద్యాసంవత్సరం అనుభవం, ఇంగ్లిష్ వచ్చన్న రుజువు చూపాలి. 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు చెప్పే అర్హత అయి ఉండాలి. ఫలితం రావడానికి నెలలు పడుతుంది. అది ఉద్యోగమూ ఇవ్వదు, వీసా కూడా ఇవ్వదు. కానీ కాకతీయ యూనివర్సిటీ బీఈడీ ఉన్న లెక్కల టీచరు రెజ్యూమెలో ఆ ఒక్క లైను ఉంటే, బ్రిటిష్ బడి హెచ్‌ఆర్ దాన్ని పక్కకు పెట్టకుండా చదువుతుంది. ఓపిక ఉన్నవాళ్లు తప్పకుండా చేసి పెట్టుకోవాలి.

ఇక కాగితాలు. మన దగ్గర చాలామంది చేతిలో ఉండేది ప్రొవిజనల్, సీఎంఎం (అన్ని మార్కులు కలిపి ఇచ్చే మెమో) మాత్రమే. ఇక్కడి బడులు వాటితోనే ఉద్యోగం ఇస్తాయి కాబట్టి కాన్వొకేషన్, అంటే ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), తీసుకోవాలన్న ఆలోచనే రాదు. గల్ఫ్‌లో ప్రొవిజనల్ చెల్లదు. డిగ్రీకి ఒక ఓడీ, బీఈడీకి ఒక ఓడీ, పీజీ ఉంటే దానికి ఇంకొకటి కావాలి. కరీంనగర్‌లో చదివినవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. శాతవాహన యూనివర్సిటీ 2008లో వచ్చింది. అంతకు ముందు చదివితే మీ డిగ్రీ కాకతీయ యూనివర్సిటీదే, వరంగల్‌లోని పరీక్షల విభాగానికే రావాలి. పాత ఆదిలాబాద్ జిల్లా వాళ్లకూ అంతే. నిజామాబాద్‌లో తెలంగాణ యూనివర్సిటీ 2006లో వచ్చింది, దానికి ముందటి బ్యాచ్‌లు ఉస్మానియాకు పోవాలి.

ఓడీ చేతికి రాగానే లామినేషన్ చేయించొద్దు. అటెస్టేషన్, అంటే సర్టిఫికెట్ నిజమైనదేనన్న ధ్రువీకరణ, ముద్రలు, స్టిక్కర్లు అసలు సర్టిఫికెట్ వెనక వైపే పడతాయి. ప్లాస్టిక్ మీద ముద్ర వేయరు. భద్రంగా ఉంటుందని నాన్నో అన్నో ప్రేమతో లామినేషన్ చేయించిన సర్టిఫికెట్లు ఇట్లా ఆగిపోతాయి. పొరను ఇంట్లో ఇస్త్రీపెట్టెతో వేడిచేసి పీకబోతే సంతకం, సీలు ప్లాస్టిక్‌తో పాటే లేచి వస్తాయి. అది పాడైతే డూప్లికేట్ తీసుకోవాలి, దానికి మళ్లీ నెలలు.

తర్వాతి చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో ఒక్క అక్షరం, బీఈడీలో అసలు ఉండదు, పెళ్లయ్యాక తీసిన పాస్‌పోర్టులో అత్తగారింటి పేరు. మనకు ఇది ఒకే మనిషి అని తెలుస్తుంది. మస్కట్‌లో కూర్చున్న గుమస్తాకు నలుగురు మనుషుల్లాగా కనబడుతుంది. పాస్‌పోర్టును పదో తరగతి మెమోతో కలిపి చూసుకోండి, తేడా ఉంటే పాస్‌పోర్టు రెన్యువల్‌లోనే సరిచేయించుకోండి. సర్టిఫికెట్లు ఒక పేరుతో, పాస్‌పోర్టు ఇంకో పేరుతో ఉండక తప్పకపోతే, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్, పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం సిద్ధంగా పెట్టుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. ఒంటి పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని 2022 నవంబర్‌లో యూఏఈ ప్రకటించింది.

అటెస్టేషన్ వరుస ఇట్లా ఉంటుంది. ముందు యూనివర్సిటీ ఈ సర్టిఫికెట్ మాదేనని ధ్రువీకరించాలి, తర్వాత హైదరాబాద్ సచివాలయంలో రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, ఆ పైన విదేశాంగ శాఖ. అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఒమన్, బహ్రెయిన్, సౌదీ అరేబియా హేగ్ ఒప్పందంలో (ఒక దేశం ధ్రువీకరించిన పత్రాన్ని ఇంకో దేశం ఎంబసీ ముద్ర లేకుండానే ఒప్పుకునే ఒప్పందం) ఉన్న దేశాలు, వాటికి విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ స్టిక్కర్‌తో సరిపోతుంది. సౌదీ ఇందులోకి వచ్చింది 2022 డిసెంబర్‌లోనే, అందుకే ఎంబసీ ముద్ర కూడా కావాలని చెప్పి పాత లెక్కన డబ్బులు అడిగే ఏజెన్సీలు ఇంకా ఉన్నాయి. యూఏఈ, ఖతార్, కువైట్‌లకు మాత్రం ఆ దేశపు ఎంబసీ ముద్ర, అక్కడ దిగాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర కూడా పడాలి. హైదరాబాద్‌లో కొన్ని ఏజెన్సీలు తొందరగా అయిపోతుందని ఢిల్లీలో ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్) ముద్ర వేయించి ఇస్తాయి. వేరే ఉద్యోగాలకు అది నడవొచ్చు గాని, టీచరు పత్రాలు అక్కడి విద్యాశాఖ చేతికి పోతాయి, వాళ్లు యూనివర్సిటీకి రాసి మరీ సరిచూస్తారు. రాష్ట్ర ప్రభుత్వ ముద్ర ఉన్న దారే నమ్మకం.

దూరవిద్యలో డిగ్రీ గాని బీఈడీ గాని చేసినవాళ్లకు నిజం చెప్పాలి: చాలా బడులు రెగ్యులర్ మాత్రమే అడుగుతాయి, టీచరుగా పనిచేయడానికి అక్కడి విద్యాశాఖ ఇచ్చే అనుమతి దగ్గర దూరవిద్య సర్టిఫికెట్ ఆగిపోయే అవకాశం ఎక్కువ. డబ్బు కట్టే ముందే బడిని లిఖితపూర్వకంగా అడగండి. సబ్జెక్టు కూడా చూస్తారు. ఎంపీసీ డిగ్రీతో ఇక్కడ లెక్కలు, ఫిజిక్స్, అవసరమైతే కెమిస్ట్రీ కూడా చెప్పిస్తారు. అక్కడ ఎక్కువగా మీ డిగ్రీ, పీజీ ఎందులో ఉన్నాయో ఆ సబ్జెక్టుకే అనుమతి వచ్చేది. బీటెక్ చేసి తర్వాత బీఈడీ చేసినవాళ్లు ఇంటర్వ్యూలోనే ఈ సంగతి తేల్చుకోవాలి.

అనుభవం సర్టిఫికెట్ దగ్గర మన జిల్లాల టీచర్లు బాగా నష్టపోతున్నారు. కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతారు. ఇక్కడ చాలా బడులు జీతం చేతికిస్తాయి, పీఎఫ్ ఉండదు, ఇచ్చే లెటర్ నాలుగు లైన్లు. లెటర్‌హెడ్ మీద చేరిన తేదీ, మానేసిన తేదీ, సబ్జెక్టు, తరగతులు, పూర్తికాలం పని అన్న మాట, బడి అఫిలియేషన్ నంబర్ ఉండేలా రాయించుకోండి. జీతం బ్యాంకు ఖాతాలో పడేలా ఇప్పటి నుంచే అడగండి. రెఫరెన్సు ఇంకో ముఖ్యమైన సంగతి. విదేశీ బడి మీ ప్రిన్సిపాల్‌కు నేరుగా మెయిల్ పెడుతుంది: ఈ మనిషి పిల్లలతో ఎట్లా ఉంటారు, మీ బడిలో వీరి మీద ఏమైనా ఫిర్యాదు వచ్చిందా అని. జవాబు జీమెయిల్ నుంచి వస్తే చాలా బడులు ఒప్పుకోవు, బడి పేరుతో ఉన్న మెయిల్ కావాలంటాయి. మీ బడికి వెబ్‌సైటు, దాని మెయిల్ ఉంటే ఆ ఐడీనే రెజ్యూమెలో ఇవ్వండి.

దరఖాస్తు ఆయా బడుల సొంత వెబ్‌సైట్లలో పెట్టడం మేలు. టెస్, సెర్చ్ అసోసియేట్స్ లాంటి టీచరు ఉద్యోగాల వెబ్‌సైట్లు బ్రిటిష్, ఐబీ బడులకు పనికొస్తాయి. తర్వాత వీడియోలో డెమో పాఠం, ఇరవై నిమిషాలో అరగంటో. హన్మకొండలో మనకు అలవాటైన డెమో వేరు: బోర్డు నిండా లెక్కలు, గట్టి గొంతు, ఐఐటీ ఫౌండేషన్ స్థాయి ప్రశ్న ఒకటి. అది ఆ ఇంటర్వ్యూలో నిలబడదు. ఆరో తరగతి భిన్నాలనే తీసుకోండి. మూడింట రెండు వంతులు పెద్దదా, నాలుగింట మూడు వంతులు పెద్దదా అని అడిగి, రూలు చెప్పకముందే పిల్లలు ఎవరి అంచనా వాళ్లు పలక మీద రాసి చూపేలా చేయాలి. తప్పు రాసిన పిల్లవాడితో కాగితం పట్టీలు మడతపెట్టించి వాడే తేల్చుకునేలా వదలాలి. ముందే చేసేసిన పిల్లకు ఇంకో కష్టమైన జత ఇవ్వాలి. చివర్లో ఒక్క ప్రశ్న అందరికీ వేసి, ఎంతమందికి వచ్చిందో దాన్ని బట్టి రేపటి పాఠం ఎక్కడ మొదలుపెడతారో చెప్పాలి. వాళ్లు చూసేది మీరు ఎంత చెప్పారన్నది కాదు, పిల్లలకు ఎంత వచ్చిందో మీకు ఎట్లా తెలుస్తుందన్నది.

బ్రిటిష్ బడిలో ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఒక పాప మీ దగ్గరికొచ్చి ‘టీచర్, ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తా’ అంటే ఏం చేస్తారు? మనం ప్రేమగా ‘చెప్పనమ్మా’ అంటాం. ఆ జవాబుతో ఇంటర్వ్యూ పోయినట్టే. రహస్యంగా ఉంచుతానని మాటివ్వకూడదు, తరచి తరచి ప్రశ్నలు వేయకూడదు. విన్నది విన్నట్టు రాసి, పిల్లల రక్షణ చూసే బాధ్యుడికి ఆ రోజే చెప్పాలి. చెయ్యి చేసుకోవడం గురించి అడిగితే ‘కొంచెం భయం ఉండాలి కదా’ అన్న మాట నోట్లోంచి రావొద్దు.

ఆఫర్ వచ్చాక మొత్తం జీతం కంటే ముందు బేసిక్ ఎంతో చూడండి. యూఏఈలో ఉద్యోగం మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదనే లెక్క, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. నెలకు 4,000 దిర్హాములు ఇస్తామని బేసిక్ 2,000గా రాస్తే, రెండేళ్లకు వచ్చేది 2,800. అదే మొత్తం బేసిక్ అయితే 5,600. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం 4,000 దిర్హాములు గాని, 3,000తో పాటు బడి ఇచ్చే ఇల్లు గాని ఉండాలి. ఒప్పందంలో ఇంకొన్ని తేలాలి: మొదటి ఏడాది ఎండాకాలం సెలవులకు జీతం ఇస్తారా, ఇల్లంటే సొంత గదా ఇద్దరు ముగ్గురు టీచర్లతో కలిసి ఉండాలా, పిల్లలకు ఫీజులో రాయితీ ఎంత, వారానికి ఎన్ని పీరియడ్లు, బస్సు డ్యూటీ ఉందా. ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. భర్త వీసా మీద ఉండి పనిచేసే టీచర్లకు చాలా బడులు తక్కువ ఇస్తాయి, వాళ్లకు ఇల్లు, వీసా ఖర్చు మిగులుతుంది కాబట్టి ఆ మేరకు జీతం పెంచమని అడగడం న్యాయమే.

వీసా ఖర్చు, నియామకం ఖర్చు టీచరు నుంచి వసూలు చేయకూడదని యూఏఈ కార్మిక చట్టమే చెప్తుంది. మన వైపు రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షన్నర అడిగితే అక్కడే లేచి రావాలి. ఏజెంటు లైసెన్సు కేంద్రం ఈమైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది. ‘ముందు విజిట్ వీసా మీద పొండి, బడి తర్వాత మారుస్తుంది’ అన్నవాళ్ల మాట వినొద్దు. విజిట్ వీసా మీద పాఠం చెప్పడం చట్టవిరుద్ధం, పట్టుబడితే జరిమానాతో పాటు మళ్లీ రాకుండా నిషేధం పడొచ్చు.

పోలీసు క్లియరెన్సు పాస్‌పోర్టు సేవా కేంద్రం నుంచి తీసుకోవాలి, ఆఫర్ వచ్చాకనే తీయండి, ఎక్కువ రోజులు చెల్లదు. మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే ముఖ్యం. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఉన్నా అన్‌ఫిట్ అనే ప్రమాదముంది, కాబట్టి ఉద్యోగం మానకముందే సొంతంగా ఒక ఎక్స్‌రే తీయించుకొని డాక్టరుకు చూపించండి. ఖతార్ పోయేవాళ్లకు మెడికల్, వేలిముద్రలు, కాంట్రాక్టు సంతకం హైదరాబాద్‌లోని ఖతార్ వీసా సెంటర్‌లోనే అయిపోతాయి. సంతకం పెట్టే ముందు అక్కడ చూపించే కాంట్రాక్టులో జీతం, మీకు మెయిల్‌లో వచ్చిన ఆఫర్‌లో జీతం ఒకటేనా అని చూసుకోండి.

ఇక్కడి బడికి రాజీనామా మాత్రం వీసా కాగితం చేతికొచ్చాకే. దానికి ముందు, చేరేటప్పుడు బడి దగ్గర పెట్టిన ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏదో ఒక పని చెప్పి వెనక్కి తెచ్చుకోండి. అటెస్టేషన్‌కు ఒరిజినల్ తప్ప ఏదీ పనికిరాదు, సంవత్సరం మధ్యలో మానేస్తున్నారని తెలిస్తే వాటిని పరీక్షలయ్యేదాకా బీరువాలోంచి తీయని యాజమాన్యాలు మన దగ్గర ఉన్నాయి.